తిరుపతికి ఎన్ని అక్షరాలు?

తిరుపతి అన్న మాటలో అక్షరాలెన్ని? ఒకటో తరగతి పిల్లనడిగినా వేళ్ళు మడిచి 4 అని చెబుతుంది. తి, రు, ప, తి. ఇందులో అనుమానానికి చోటెక్కడుందీ అంటారు మీరు. నేనూ అదే అన్నాను. మా అక్క కూతురి కంప్యూటరు మాత్రం 7 అంటుంది. అదే కంప్యూటరు భాషను దాని వెనకటి రూపంలో అడిగితే 21 అని చెప్పేదట. నాలుగక్షరాల ఊరిని పట్టుకుని ఇదేం విడ్డూరమండీ!

ఆ 7 ఎక్కణ్ణించి వచ్చిందంటే, యంత్రం మనలాగా గుణింతం వల్లిస్తూ పెరగలేదు. దానికి త వేరు, త మీది గుడి వేరు. ర వేరు, దాని కొమ్ము వేరు. ఆ తర్వాత ప. మళ్ళీ ఒక త, మళ్ళీ ఒక గుడి. వెరసి 7. (మా ఊళ్ళో వీధికొక గుడి ఉన్నా పేరులో ఉన్నవి మాత్రం రెండే గుడులన్నమాట.) ఇక 21 సంగతి. ఆ గుర్తుల్లో ఒక్కొక్కదాన్నీ కంప్యూటరు మూడేసి గదుల్లో దాచుకుంటుంది. వెనకటి భాష గుర్తుల్ని వదిలేసి గదుల్ని లెక్కపెట్టి చెప్పేది. పళ్ళెంలో లడ్డూలెన్నమ్మా అంటే బూందీ పలుకులు లెక్కపెట్టి చెప్పినట్టు.

నవ్వులాటగా ఉంది కదూ? కొన్నేళ్ళ కిందట ఒక ఆఫీసు ఫారంలో మా అమ్మ పేరు తెలుగులో ఎక్కించినప్పుడు నవ్వు రాలేదు. ఆ గడిలో ఇంతకు మించి పట్టదని యంత్రం పేరు చివర కత్తిరించేసింది. చివరి 'మ్మ'లో ఒత్తు ఎగిరిపోయి పొల్లు మిగిలింది. కాగితాల్లో పేరూ, కంప్యూటర్లో పేరూ ఒకటి కావని మూడు నెలలు పింఛను ఆగిపోయింది. గడి రాసినవాళ్ళు 20 అనుకున్నారనుకోండి, ఇంగ్లీషు పేరుకది ఇరవై అక్షరాల ఇల్లు. గదుల లెక్కన చూస్తే మన తిరుపతి కూడా అందులో పట్టదు!

అప్పట్నించీ నాకీ లెక్క మీద కన్నుంది. దాని లోపలి సంగతులు విప్పి చెప్పింది మాత్రం మా అక్క కూతురే. బెంగుళూరు కంపెనీలో ఇంజనీరు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పనిచెయ్యడం అలవాటై, నెలలో సగం రోజులు మా మేడమీది గదిలోనే ఉంటుంది. ఉద్యోగం పని చాలక రాత్రిపూట జీతం లేని పని ఇంకొకటి నెత్తికెత్తుకుంది. తాను రోజూ వాడే పైథాన్ అనే కంప్యూటరు భాష పొయ్యి దగ్గర ఏం జరుగుతుందో చూడాలట.

"వండి పెట్టింది తినేసి పోకుండా వంటింట్లోకి తొంగి చూడ్డమెందుకే?" అన్నాను.

"నువ్వు ఎవురింటికి పోయినా ముందు పోయేది వంటింట్లోకే గదా చిన్నమ్మా!" అంది.

నిజమే మరి. ఆడవాళ్ళకు ఒక ఇల్లు అర్థమయ్యేది వంటింటి గడప దాటినాకే.

పైథాన్ అంటే కొండచిలువ. శేషాచలం నీడన కాపురముండేవాళ్ళం, పాము పేరు చెవిన పడితే మా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. తీరా కనుక్కుంటే ఆ పేరుకీ పాముకీ సంబంధమే లేదు. మాంటీ పైథాన్ అని ఇంగ్లండులో ఒక హాస్య బృందం టీవీలో జనాన్ని నవ్వించేదట. ఆ పేరు పెట్టుకున్నారు. పెట్టినాయన గీడో వాన్ రోసమ్, హాలెండు దేశస్థుడు. 1989 క్రిస్మస్ సెలవుల్లో పొద్దుపోక మొదలుపెట్టి 1991లో లోకం మీదికి వదిలాడు. సెలవు దొరికితే మగవాళ్ళు ఇంట్లో ఏదో ఒకటి విప్పుకుని కూర్చోవడం మనకు కొత్తా! మన ఇళ్ళల్లో విప్పింది విప్పినట్టే ఉంటుంది. ఆయనది మాత్రం నిలబడింది.

ఈ భాష వంటింటికి తలుపు లేదు. లోపల రాసి ఉన్నదంతా ఎవరైనా చదవచ్చు, తప్పు కనబడితే చెప్పవచ్చు, దిద్ది పంపవచ్చు. ఉంచుకోవడమా మానడమా అన్నది మాత్రం లోపల చూసుకునేవాళ్ళ ఇష్టం. అక్కడ ఆబ్జెక్ట్స్ అని ఒక అర ఉంది. ఆబ్జెక్ట్ అంటే వస్తువు. ఈ భాషలో సమస్తమూ వస్తువులే. అంకె ఒక వస్తువు, మాట ఒక వస్తువు, జాబితా ఒక వస్తువు, ఆఖరికి 'ఏమీ లేదు' అన్నదీ ఒక వస్తువే. ఏ వస్తువు ఎట్లా పుట్టాలి, ఎట్లా నడుచుకోవాలి, ఎప్పుడు పోవాలి అన్నదంతా ఆ అరలో రాసి ఉంటుంది. బయట ఎంత పెద్ద ప్రోగ్రాము కట్టినా బరువు వచ్చి పడేది ఈ అర మీదే.

పెళ్ళి సామాను మీద పేర్లు చెక్కిస్తాం చూడండి, అట్లా ఇక్కడ ప్రతి వస్తువు మీదా రెండు సంగతులు చెక్కి ఉంటాయి. తానేమిటి అన్నది ఒకటి. తననిప్పుడు ఎన్ని చేతులు పట్టుకుని ఉన్నాయన్నది రెండోది. ఎదురింటావిడ తీసుకుపోతే లెక్క ఒకటి పెరుగుతుంది, తెచ్చిస్తే ఒకటి తగ్గుతుంది. సున్నాకొచ్చిందా, గిన్నె కడిగి బోర్లించి ఆ చోటు ఇంకొకదానికి ఇచ్చేస్తారు. మన ఇళ్ళల్లోనూ ఈ పద్ధతే ఉంటే నా పెద్ద ఇడ్లీ కుక్కరు ఇప్పుడెవరింట్లో ఉందో తెలిసిపోయేది.

చిక్కల్లా తోడికోడళ్ళ మాదిరి వస్తువులతో. ఇది దాన్ని పట్టుకుంటుంది, అది దీన్ని పట్టుకుంటుంది. బయటివాళ్ళకు రెండింటి అవసరమూ లేదు, లెక్క మాత్రం సున్నాకు రాదు. ఇట్లాంటి జంటల్ని వెదికి ఊడ్చేసే ఏర్పాటు 2000లో పెట్టినారు.

'ఏమీ లేదు' అనే వస్తువుది ఇంకో కథ. అది మొత్తానికి ఒక్కటే ఉంటుంది. ఎక్కడ ఖాళీ ఉన్నా దాన్నే చూపించాలి. అంచేత దాన్ని పట్టుకునే చేతులకూ వదిలే చేతులకూ అంతుండదు. లెక్క ఎన్నటికీ సున్నాకు రాదని తెలిసీ క్షణక్షణం దాన్ని దిద్దుతూనే ఉండేవాళ్ళు. ఇన్‌స్టాగ్రామ్ నడిపే కంపెనీ ఇంజనీర్లు ఆ దిద్దుబాటు తమకెంత బరువవుతున్నదో చూసుకుని, ఇట్లాంటివాటికి అసలు లెక్కే వద్దన్నారు. 2023లో వచ్చిన 3.12 నుంచి నిజం, అబద్ధం, ఏమీ లేదు, ఇంకా అట్లాంటివి కొన్ని చావులేని వస్తువులైనాయి. మనకు హనుమంతుడూ విభీషణుడూ ఉన్నట్టు వాళ్ళకూ చిరంజీవులున్నారన్నమాట. నిజంతో బాటు అబద్ధాన్ని కూడా చిరంజీవిని చేసినారంటే అక్కడ కూర్చున్నవాళ్ళకు లోకం బాగానే తెలుసు.

ఈ లెక్కల పుణ్యమా అనే ఆ ఇంటికి బీగంచెవి ఒక్కటే ఉండేది. ఇద్దరు ఒకేసారి ఒకే గిన్నె మీద లెక్క దిద్దబోతే తప్పిపోతుంది కదా. అందుకని చెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పని చెయ్యాలి, తక్కినవాళ్ళు నిలబడాలి. వెనక మా జేజి నడుముకు దోపుకున్న సామాన్ల గది చెవి మాదిరి. ఒక్క పొయ్యి ఉన్న రోజుల్లో ఇది మంచి ఏర్పాటే. యంత్రాల్లో నాలుగేసి ఎనిమిదేసి పొయ్యిలు వచ్చినాక కోడళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. చెవి తీసేద్దామని వెనక చూసినవాళ్ళున్నారు. తీస్తే, ఒంటరిగా వండుకునేవాళ్ళకు వంట ఆలస్యమైంది, మళ్ళీ పెట్టేసినారు. కడకు శామ్ గ్రాస్ అనే ఇంజనీరు, సొంతదారు లెక్క ఒకచోట, పొరుగువాళ్ళ లెక్క ఇంకోచోట రాసే ఉపాయంతో దారి చూపించాడు. 2024లో ప్రయోగంగా పెట్టి, 2025 అక్టోబరులో వచ్చిన 3.14లో సరేనన్నారు. అప్పటికీ, వద్దన్నవాళ్ళకు చెవి ఉన్న ఇల్లు, కావాలన్నవాళ్ళకు చెవి లేని ఇల్లు! అత్తగారి నడుము నుంచి చెవి కదలడానికి 30 ఏళ్ళు దాటిందంటే, నన్నడిగితే మన ఇళ్ళే నయం.

ఇక మన అక్షరాల దగ్గరికొస్తాను. లోకంలోని లిపులన్నిటికీ అంకెలు పంచిపెట్టే యూనికోడ్ పట్టిక 1991లో వచ్చింది. మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అంత మాత్రాన మనల్ని పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించినారనుకోకండి. 2000 నుంచి పైథాన్‌లో మాటలు రెండు రకాలు. ఇంగ్లీషుకు సరిపోయే పాతరకం ఒకటి, యూనికోడ్ రకం ఒకటి. రెండూ ఎక్కడైనా కలిసినాయా, ఈ అక్షరం నాకు తెలియదని ప్రోగ్రాము నడిమధ్య పడిపోయేది. ఇంగ్లీషు పేర్లతో నడిపి చూసినన్ని రోజులూ ఏ లోపమూ కనబడదు. ఎవరో ఒక సుబ్బమ్మ పేరు తెలుగులో వచ్చి పడిన రోజున బయటపడేది.

ఇట్లా కుదరదని 2008 డిసెంబరు 3న మూడో పైథాన్ తెచ్చినారు. మాట అంటే ఇక యూనికోడ్ మాటే. గదుల లెక్క వేరే వస్తువు, దాన్నీ దీన్నీ కలపరాదు. అంతే! పాత ప్రోగ్రాములెన్నో కొత్త ఇంట్లో నిలబడలేకపోయినాయి. 2022 ఏప్రిల్ 4న మా చిత్తూరు జిల్లాను విడగొట్టి తిరుపతి జిల్లా చేసినప్పుడు ఊరు అంగుళం కదల్లేదు గానీ కాగితాలన్నీ కదిలినాయి కదా, అట్లాంటి గొడవే, లోకమంతటా. పాత పైథాన్‌ను 2015లో ఆపేస్తామని ముందు గడువు చెప్పినారు. జనం కదలక 2020 దాకా పొడిగించినారు. 2020 జనవరి 1తో ఆ ఇంటికి మరమ్మతులు ఆగిపోయినాయి. పదకొండేళ్ళ పాటు రెండిళ్ళకూ సున్నాలు కొట్టించినారన్నమాట.

ఈ లోపల 2012లో 3.3 వచ్చినప్పుడు మాట అనే వస్తువును లోలోపల మళ్ళీ కట్టినారు. బయటివాళ్ళకు చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. మాటలో అన్నిటికన్నా పెద్ద గుర్తు ఏదో చూసి, అన్నిటికీ ఆ కొలత గిన్నెలే పెడతారు. ఉత్త ఇంగ్లీషైతే గుర్తుకు ఒక గది. తెలుగుంటే రెండు. తెలుగు జాబులో ఎక్కడైనా ఒక్క నవ్వే బొమ్మ పెట్టినామా, ఆ ఒక్క గుమ్మడికాయ కోసం జాబంతటికీ నాలుగేసి గదులు! మా అక్క కూతురు నాకు పంపే సందేశాల్లో బొమ్మలు తగ్గించమని అప్పుడే చెప్పాను. వింటుందా?

అక్షరాన్ని సరిగా చూసుకోకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. అది పైథాన్ సంగతి కాదు, ఐఫోన్లది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం, ఈ ఐదూ ఆ వరసన వచ్చిన సందేశం తెరిస్తే చాలు, అది చూపించాల్సిన యాప్ కుప్పకూలేది. మన జ్ఞానంలోని జ్ఞా అండీ! ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసి గండం గడిపింది. ఒక తెలుగక్షరం పేరు అమెరికా పత్రికల్లోకెక్కింది అప్పుడే అనుకుంటాను, అదీ ఇట్లా.

ఈ వంటిల్లు ఎవరి చేతుల్లో ఉందో కూడా చెప్పాలి. 2018 జులైలో ఒక చిన్న గుర్తు కొత్తగా చేర్చడం మీద వాదన ముదిరి, గీడో పెద్దరికం వద్దని తప్పుకున్నాడు. 2019 నుంచి ఐదుగురు సభ్యుల మండలిని ఎన్నుకుంటున్నారు. మొదటి ఐదుగురిలో ఒకరు క్యారల్ విల్లింగ్ అనే ఆవిడ. అంతకు ముందు 2017 దాకా, అంటే 26 ఏళ్ళు, లోపల దిద్దే హక్కున్నవాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు. కావాలంటే నేనే దగ్గరుండి నేర్పిస్తానని గీడో సభలో అంటే, ఇండొనేషియాలో పుట్టి కెనడాకు చేరిన మారియట్టా విజయ అనే ఆవిడ ఆ మాట పట్టుకుని ఆయనకు జాబు రాసింది. ఆవిడే మొదటామె. వంటింటి గడప దగ్గర ఆడది అనుమతి అడగాల్సి రావడం ఈ ఒక్క ఇంట్లోనే చూశాను.

మొన్న సంక్రాంతికి నేనే ఒక పరీక్ష పెట్టాను. ఆ భాషలో మాటను తిరగేసి చూడ్డం ఒక్క వరస పనట. వికటకవి అని ఇచ్చి చూడవే అన్నాను. తెనాలి రామకృష్ణుడి బిరుదు, ఎటు చదివినా ఒకటే అని పుట్టిన ప్రతి తెలుగు బిడ్డకూ తెలుసు. యంత్రం కాదంది! చివరి గుడి ముందుకొచ్చి పట్టుకోవడానికి హల్లు లేక గాలిలో నిలబడింది. మొదటి వి మీది గుడి పోయి క నెత్తికెక్కింది. వికటకవి కాస్తా వకటకివ అయి కూర్చున్నాడు.

దానికి నాకన్నా మా అక్క కూతురికే ఎక్కువ కోపమొచ్చింది. ఆపిల్‌వాళ్ళ స్విఫ్ట్ అనే భాష తిరుపతిని 4 అనే లెక్కపెడుతుందట. పైథాన్ మాత్రం ఎందుకు పెట్టదని వారం రోజులు కూర్చుని ఒక ప్రతిపాదన రాసింది. మాట అనే వస్తువును మార్చాలి, లెక్క గుర్తుల్లో కాదు అక్షరాల్లో చెప్పాలి, అని. నాకు చదివి వినిపిస్తే ఒళ్ళు పులకరించింది. పది రోజులైనా అది మేడ దిగలేదు.

"ఏమ్మే, పంపలేదా?"

"లేదు చిన్నమ్మా. ఆ అరంతా చదివినాను. ఆ 7ను నమ్ముకుని ఎన్ని ప్రోగ్రాములుండాయో తెల్సునా? ఒక్క రాత్రిలో 4 అంటే వాళ్ళందురూ ఏం గావాల?"

"తప్పని తెలిసీ ఊరుకుంటారా?"

"తప్పు గాదు. అది గుర్తుల లెక్క. నువ్వడిగేది అక్షరాల లెక్క. పోనీ అక్షరమంటే ఏందో తేల్చినారా? మన చిత్తూరే చూడు. చి, త్తూ, రు అని మనం 3 అంటాం. యూనికోడ్ వాళ్ళ నియమంలో 2023 దాకా ఆ త్తూ రెండు ముక్కలే. చిత్తూరుకు 4. అప్పుడొచ్చిన 15.1 కూర్పులోనే ఒత్తును కలిపి లెక్కపెట్టమన్నారు. తొందరపడి పాత నియమాన్ని లోపల కట్టేసుంటే మళ్ళా పగలగొట్టాల్సొచ్చేది గదా."

"2008లో ఇల్లంతా తిరగేసినప్పుడు కొంప మునగలేదా?"

"మునిగింది. దాన్ని తోడేదానికే గదా పదకొండేండ్లు పట్టింది!"

నాకిది పూర్తిగా మింగుడు పడలేదు. మా అమ్మ పేరు కత్తిరించిన గడి రాసినవాడెవడో, వాడికి యంత్రం చెప్పిందే వేదం. గుర్తుల లెక్కనీ అక్షరాల లెక్కనీ విడదీసి చూసే ఓపిక వాడికుందా? లోపలే సరిగా ఉంటే వాడి ఓపికతో పని లేదు కదా! ఈ మాట అంటే పిల్ల కాదనలేదు. ఔననీ అనలేదు. లోపలికి చూసొచ్చినవాళ్ళకు మాట తగ్గుతుందేమో. పెళ్ళయిన కొత్తలో అత్తగారి వంటింటి పద్ధతులన్నీ మార్చి పారేయాలనుకునేవాళ్ళం మనం కూడా. ఆ చెంబు అక్కడెందుకుందో తెలిసినాక చెయ్యి వెనక్కి వచ్చేది. ఆ చెంబు అక్కడుండడం మాత్రం ఎవరికో ఒకరికి కాలికి తగులుతూనే ఉండేది.

ప్రతిపాదన పక్కన పెట్టి ఇప్పుడు వేరే పని పట్టింది. అక్షరాల్ని అక్షరాలుగా విడదీసే పనిముట్లు పైథాన్‌కు పక్కన విడిగా దొరుకుతాయట. వాటిని తెలుగుతో పరీక్షించడానికి మాటల జాబితా కావాలంది. తేలిక మాటలు కాదు, యంత్రానికి ముచ్చెమటలు పట్టించేవి. ఆ పని నాకప్పగించింది.

మొదట స్త్రీ అని రాశాను. మనకు ఒక్క అక్షరం, యంత్రానికి 6 గుర్తులు. తర్వాత శ్రీకాళహస్తి, మనకు 5, దానికి 12. జ్ఞానం సరేసరి. మీద రెండంకె వేసిన చ తో ౘుక్క రాశాను. ఆ అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లోనే. మా అమ్మ పేరు కూడా రాశాను. నిన్న కార్త్స్న్యం అని రాసి పంపితే మేడమీది నుంచి కేకేసింది.

"చిన్నమ్మా, ఇది మాటేనా? నువ్వు పుట్టించినావా?"

ర కింద నాలుగు హల్లులు వేళ్ళాడుతుంటే పాపం దానికి నమ్మకం కుదరలేదు. రెండే రెండక్షరాలమ్మా అన్నాను. యంత్రం 12 అంటోందంది. నిఘంటువు పైకి పంపించాను.